ఖాళీ మెమరీతో మొదలయ్యే కంప్యూటర్

1983 జూన్ 16న ఏరియాన్ రాకెట్ మీద వెళ్ళిన ఆస్కార్-10 అనే ఉపగ్రహాన్ని హామ్ రేడియో వాళ్ళ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ) సంస్థ ఆమ్‌శాట్ కట్టించింది. దాని కంప్యూటర్‌లో ఆర్‌సీఏ 1802 ప్రాసెసర్, 16 కిలోబైట్ల ర్యామ్ (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీ) ఉండేవి. కరెంటు పోయినా చెరగని ప్రోగ్రాం అంటూ ఒక్క లైను కూడా పెట్టలేదు.

కావాలనే పెట్టలేదు. చెరగని చిప్‌లో రాసి పంపితే అందులోని తప్పు కూడా చెరగదు, పైకెళ్ళి మార్చేవాళ్ళూ లేరు. 1802లో ఒక వెసులుబాటు ఉంది: ఏ ప్రోగ్రామూ నడవకుండానే బయటి సర్క్యూట్ నేరుగా మెమరీలో బైట్లు నింపగలదు. నేల నుంచి ఒక ప్రత్యేక సంకేతం పంపితే, సాఫ్ట్‌వేర్‌తో సంబంధంలేని సర్క్యూట్ దాన్ని గుర్తుపట్టి, వెనకాలే వచ్చే చిన్న ప్రోగ్రాంను ఎక్కిస్తుంది. మిగతాదంతా అది దించుకుంటుంది. ప్రోగ్రాం ఎంత ఘోరంగా చెడినా మళ్ళీ మొదటి నుంచి ఎక్కించొచ్చు. నా దృష్టిలో ఈ డిజైన్‌లో అసలు తెలివి ఇదే.

ప్రోగ్రాంలు రాసింది ఐపీఎస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. ఫోర్త్ అనే మరో భాష తరహాలో, జర్మనీకి చెందిన కార్ల్ మైన్‌ట్సర్ చేసిన భాష. అందులోని పదాలూ జర్మనే. పనులు గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. ఏ పనైనా కొంచెం చేసి పక్కకు తప్పుకోవాల్సిందే. ఒక్కటి లూప్‌లో ఇరుక్కుంటే వెనకవన్నీ ఆగిపోతాయి. టెలిమెట్రీ, అంటే ఉపగ్రహం పరిస్థితి చెప్పే కొలతలు, నేలకు పంపడం ఒక పని. ఉపగ్రహాన్ని కావాల్సిన దిక్కుకు తిప్పడం ఇంకొకటి, కష్టమైనది. భూమి అయస్కాంత క్షేత్రం ఆసరాతోనే తిప్పాలి. భూమికి దగ్గరగా వచ్చినప్పుడే అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటుంది. ఆ కాసేపట్లోనే, గిర్రున తిరుగుతున్న ఉపగ్రహంలోని కాయిల్స్‌కు (కరెంటు పారితే అయస్కాంతాలయ్యే తీగచుట్టలకు) సరైన క్షణంలో కరెంటు ఇచ్చి ఆపుతుండాలి.

దెబ్బ మాత్రం ప్రోగ్రాం వైపు నుంచి రాలేదు. విడిపోయిన వెంటనే రాకెట్ మూడో దశ వచ్చి ఉపగ్రహాన్ని తాకింది. తర్వాత ఉపగ్రహం సొంత ఇంజిన్‌ను రెండోసారి మండించడం కుదరక, అనుకున్న కక్ష్య దక్కలేదు. భూమి చుట్టూ ఉండే రేడియేషన్ పట్టీల్లో ఎక్కువసేపు గడపాల్సి వచ్చింది. తారుమారైన బిట్లను సరిదిద్దే ఏర్పాటు మెమరీలో ఉంది. కానీ చిప్‌లే పాడైతే అదేం చేస్తుంది? 1986లో మెమరీ చేతులెత్తేసింది. ఎక్కించే దారి ఉంది, ఎక్కించుకునే చోటు లేదు. అయినా ఎండ పడినప్పుడల్లా రేడియో రిలే (నేల నుంచి వచ్చిన సంకేతాన్ని మళ్ళీ కిందికి పంపే పరికరం) ఏళ్ళ తరబడి పనిచేసింది.

1988లో వెళ్ళిన, ఇదే తరహా ఉపగ్రహం ఆస్కార్-13కు రేడియేషన్‌ను తట్టుకునే మెమరీ పెట్టారు. 1996 డిసెంబరులో అది వాతావరణంలో పడి కాలిపోయింది. సూర్యచంద్రుల ఆకర్షణ దాని కక్ష్యను మెల్లగా కిందికి లాగేసింది, కంప్యూటర్ తప్పేమీ లేదు.