శుద్ధి చేసిన నీటికి ఆకాశం కనబడకూడదు

2021 నవంబరు వరదల్లో తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంటి సంపు భూమిలోంచి పైకి లేచింది. ఇంటావిడ లోపలికి దిగి కడుగుతుండగానే సిమెంటు వరలు నేల దాటి నిలువెత్తున నిలబడ్డాయి. జనం వింతగా చూశారు కానీ అందులో మాయ లేదు. చుట్టూ నేల నీటితో నానిపోయింది, సంపేమో ఖాళీ. ఖాళీ బిందెను నీళ్లలో అదిమి వదిలితే ఏమవుతుందో అదే అయింది. నాకు తట్టిన ప్రశ్న వేరు: ఈ ఊళ్లో ఇంటింటికీ భూమిలో ఇంత గుంత ఎందుకు?

కొళాయి రోజంతా రాదు కనుక. స్వర్ణముఖి ఉపనది కళ్యాణిపై చంద్రగిరి దగ్గర 1977లో డ్యాం కట్టారు. తిరుమల, తిరుపతి రెండూ ఆ నీటిని పంచుకున్నాయి. వాన మొహం చాటేసిన ఏడు అది అడుగంటేది. తర్వాత తెలుగుగంగ వచ్చింది. మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణా జలాల నుంచి 15 టీఎంసీలు ఇవ్వాలని 1976లో మూడు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, 1983లో పథకం మొదలైంది. కండలేరు మీదుగా సాగే ఆ నీటిలో తిరుపతికీ గుక్కెడు దక్కింది.

కళ్యాణి, కండలేరు రెండింటికీ పైన ఆకాశమే. అందులో తప్పేమీ లేదు, అది ఇంకా ముడి నీరు. పటిక, ఇసుక, క్లోరిన్ దాటి ఫిల్టర్ హౌస్ నుంచి బయటికి వచ్చాకే అసలు జాగ్రత్త మొదలవ్వాలి.

ఈ తేడాను చట్టంలో రాసుకున్న దేశం అమెరికా. అక్కడ చాలా నగరాలు జనం తాగబోయే నీటిని గుట్టల మీద మూతలేని కొలనుల్లో నిలవ చేసేవి. 1993లో మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కొళాయి నీటిలోకి చేరి సుమారు 4 లక్షల మంది జబ్బుపడ్డారు. మామూలు మోతాదు క్లోరిన్‌కు అది చావదు. అక్కడ విఫలమైంది వడపోతే, కానీ ఆ తర్వాతి నిబంధనల చూపు తెరిచి ఉన్న కొలనుల మీదా పడింది. వాటికి కప్పు వేయండి, లేదా బయటికి వదిలే నీటిని మళ్లీ శుద్ధి చేయండి అని 2006లో ఆదేశించారు.

అక్కడి పోర్ట్‌లాండ్ నగరం ఒప్పుకోలేదు. మౌంట్ టేబర్ గుట్ట మీది కొలనులు 1894, 1911 నాటివి, ఊరికి ముద్దు. 2014లో ఒక కుర్రాడు కంచె దగ్గర నిలబడి కొలనులోకి మూత్రం పోస్తే 3.8 కోట్ల గ్యాలన్లు పారబోస్తామన్నారు. అందరూ నవ్వారు. పక్షుల రెట్టలను ఏళ్ల తరబడి భరించినవాళ్లకు అంత పట్టింపు ఎందుకో నాకూ అర్థం కాలేదు. 2015 చివరికి ఆ కొలనులను సరఫరా నుంచి తప్పించారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ ఒక జలాశయం మీద 9.6 కోట్ల నల్ల బంతులు పరిచింది. నీటిలోని బ్రోమైడ్, క్లోరిన్‌తో కలిసి ఎండలో హానికరమైన బ్రోమేట్‌గా మారకుండా అవి నీడనిస్తాయి.

మన దగ్గర తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. 1983లో వచ్చింది, 2012లో సవరించారు. 100 మిల్లీలీటర్లలో మలం కలిసిందని చెప్పే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఓవర్‌హెడ్ ట్యాంకులకు పైకప్పు ఉంటుంది కాబట్టి పుస్తకం ప్రకారం మనం క్షేమమే.

మా అపార్ట్‌మెంట్ సంపు మాత్రం ఆ పుస్తకంలో లేదు. దాని మూత అంచు విరిగిన కడప బండ. పక్కనే బైకులు కడుగుతారు, ఆ నీళ్లు సందులోంచి లోపలికే జారతాయి. ఒకరోజు పరీక్ష గొట్టం తెచ్చి, వీధి కొళాయి నీటిలో క్లోరిన్ ఉంటే పసుపుగా మారే మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు వచ్చింది. మా వంటింటి కొళాయి నీటిలో అవే చుక్కలు వేశాను. గొట్టాన్ని కిటికీ వెలుగులో ఎంతసేపు పట్టుకున్నా రంగు రాలేదు.