హత్య కేసుల మీద అపోహలు – వాస్తవాలు: విశాఖ కోర్టు వరండా నుంచి

గత ఏడాది జిల్లా కోర్టు వరండాలో ఒక తల్లి నన్ను ఆపింది. పెందుర్తి వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. చేతిలోని పాలిథిన్ సంచిలో హత్యకు గురైన కొడుకు ఫొటో, ఎఫ్ఐఆర్ జిరాక్సు ఉన్నాయి. "లాయరమ్మా, వాడే చంపానని ఒప్పుకున్నాడు కదా, టీవీలో అందరూ చూశారు. మళ్లీ ఈ వాయిదాలు ఎందుకమ్మా?" అని అడిగింది.

ఇరవై రెండేళ్లుగా సెషన్స్ కోర్టులో, ఎక్కువగా ముద్దాయిల తరఫున వాదిస్తున్నాను. ఆమె అడిగినదే చదువుకున్నవాళ్లూ అడుగుతారు. హత్య కేసు గెలిచేదీ ఓడేదీ లాయర్ల వాదనలతో అనుకుంటారు. నేను చూసినంతలో అది తేలేది శవం దొరికిన తర్వాతి మొదటి కొద్ది రోజుల్లో, పోలీసులు రాసే కాగితాల్లో.

అపోహ: పోలీసుల ముందు ఒప్పుకుంటే నేరం రుజువైనట్టే.

వాస్తవం: పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాధారాల చట్టంలో 25, 26 సెక్షన్లు ఆ మాటే చెప్పేవి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. దెబ్బలకు భయపడి ఎవరైనా ఏదైనా ఒప్పుకుంటారన్న ఎరుకతో పెట్టిన నియమం ఇది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా విషయం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మాట వరకు చెల్లుతుంది. ఆ హద్దును గీసింది మన తెలుగు పల్లె కేసే. గుంటూరు జిల్లాలో జరిగిన హత్యల కేసు, పులుకూరి కోటయ్య పేరుతో, బ్రిటిష్ కాలంలో మనకు చివరి కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. తామంతా పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు దగ్గర కాపు కాసి కొట్టి చంపామని, ఈటెనూ కర్రనూ ఫలానా వారి గడ్డివాములో దాచానని ఒక ముద్దాయి చెప్పాడు. దాచిన సంగతి వరకే సాక్ష్యం, కొట్టి చంపామన్న మాట సాక్ష్యం కాదు అని తీర్పు వచ్చింది. తీర్పుల సంపుటాల్లో దాని గుర్తు ఏ.ఐ.ఆర్. 1947 ప్రివీ కౌన్సిల్ 67. ఈ అంకె చెబితే దేశంలో ఏ మూలనున్న క్రిమినల్ లాయరైనా గుర్తుపడతారు.

అపోహ: కత్తి దొరికింది, ల్యాబ్ రిపోర్టు వచ్చింది, ఇంకేం కావాలి?

వాస్తవం: పోలీసులు స్వాధీనం చేసుకున్న కత్తీ, ల్యాబ్‌కు, కోర్టుకు వచ్చిన కత్తీ ఒకటే అని తేలాలి. కొన్నేళ్ల కిందటి ఒక కేసు చెబుతాను. ఎం.ఓ. 3, అంటే మూడో సాక్ష్య వస్తువు, అని చీటీ అంటించిన గుడ్డ ప్యాకెట్‌ను జడ్జి గారి ముందు పెట్టారు. బెంచ్ క్లర్కు దారం కోసి విప్పారు. లోపల చెక్క పిడి ఉన్న చిన్న కత్తి ఉంది. లక్క సీలు ఉండాల్సిన చోట రెండు గుండుసూదులు ఉన్నాయి. స్వాధీనానికి సాక్షులుగా ఉన్న మధ్యవర్తుల సంతకాల చీటీ మీద తేదీ, స్వాధీనం చేసుకున్న రోజుది కాదు, మర్నాటిది. ల్యాబ్‌కు పంపింది పందొమ్మిది రోజుల తర్వాత. అంతవరకూ ఎక్కడుందని అడిగాను. "స్టేషన్‌లోనే ఉంది" అన్నారు దర్యాప్తు అధికారి. స్టేషన్ రిజిస్టరులో ఆ ప్యాకెట్ నమోదే లేదు.

కత్తి మీద మనిషి నెత్తురు ఉందని రిపోర్టు చెప్పింది. రిపోర్టులో తప్పు లేదు. అయినా కేసు నిలబడలేదు. నా కక్షిదారుడు విడుదలయ్యాడు. అతనే చంపాడా అంటే నాకు ఈరోజుకీ తెలియదు. చనిపోయినాయన భార్య మెట్లు దిగుతూ నా వైపు చూసిన చూపు మాత్రం మరచిపోలేదు. ఒక గంట కూర్చుని సీలు సరిగ్గా వేసి, రిజిస్టరులో ఒక వరుస రాసి ఉంటే నిజం ఏదో ఒక వైపు తేలేది.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. ఈ మార్పు నాకు నిజంగా సంతోషం కలిగించింది. దీన్ని తూతూమంత్రంగా కాక శ్రద్ధగా అమలు చేయాలి.

అపోహ: హైకోర్టు నిర్దోషి అంటే డబ్బు పనిచేసినట్టే.

వాస్తవం: ఈ మాట అనేవారికి నేను ఇబ్రహీంపట్నం కేసు చెబుతాను. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008లో ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేసి, ఇతనే హంతకుడన్నారు. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. అతని దగ్గర డబ్బూ లేదు, పలుకుబడీ లేదు. అతను హంతకుడు కాదని మొదటి నుంచీ గట్టిగా చెప్పినవారిలో చనిపోయిన అమ్మాయి కన్నతల్లి ఉన్నారు.

అక్కడితో అయిపోలేదు. 2018లో మళ్లీ దర్యాప్తు మొదలుపెట్టి చూస్తే, కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఆ కేసు వస్తువులు అప్పటికే ధ్వంసమై ఉన్నాయి. కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో, మరణించిన పన్నెండేళ్లకు, తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వి మళ్లీ శవపరీక్ష చేయాల్సి వచ్చింది. నేను ఈ సంగతి జూనియర్లకు చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. తప్పు మనిషిని లోపల వేసిన ప్రతి ఏడాదీ అసలు హంతకుడి జాడ చెరిగిపోతూ ఉంటుంది. హైకోర్టు అప్పీలులో చేసింది కింది కోర్టులో నమోదైన సాక్ష్యాన్ని మళ్లీ చదవడమే.

అపోహ: ఎన్‌కౌంటరే సత్వర న్యాయం.

వాస్తవం: 2019 నవంబరులో షాద్‌నగర్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మనందరినీ కుదిపేసింది. డిసెంబర్ 6న నలుగురు నిందితులనూ కాల్చి చంపినప్పుడు మా వీధిలో మిఠాయిలు పంచారు. నేనూ ఒక ఆడపిల్ల తల్లినే, ఆ కోపం నాకు తెలుసు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెలువడింది. పోలీసుల కథనం నమ్మదగింది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ అది తేల్చింది. నలుగురిలో ముగ్గురు మైనర్లనీ చెప్పింది. విచారణే జరగలేదు కాబట్టి ఎవరు ఏం చేశారన్నది ఏ కోర్టూ తేల్చలేదు.

అపోహ: బెయిలు వచ్చిందంటే కేసు నీరుగారినట్టే.

వాస్తవం: హత్య కేసులో 90 రోజుల్లోగా చార్జిషీటు వేయకపోతే బెయిలు నిందితుడి హక్కు. అది జడ్జి చూపే దయ కాదు. విచారణ మామూలుగానే సాగుతుంది.

అపోహ: యావజ్జీవమంటే పద్నాలుగేళ్లు.

వాస్తవం: యావజ్జీవమంటే ఊపిరి ఉన్నంతవరకు. మరణశిక్ష కూడా పడదగిన హత్య వంటి నేరాల్లో పద్నాలుగేళ్లు పూర్తికాకముందు శిక్ష తగ్గించి విడుదల చేయడానికి వీల్లేదు. తర్వాత ప్రభుత్వం విడుదల చేయవచ్చు, చేయకపోవచ్చు. అడవివరం సెంట్రల్ జైలుకు ములాఖత్‌కు వెళ్లినప్పుడల్లా "నా పద్నాలుగేళ్లు ఎప్పటికి అవుతాయమ్మా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఈ జవాబు చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే.

మరణశిక్ష విషయం కూడా ఇక్కడే చెబుతాను. సెషన్స్ జడ్జి వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించే దాకా అమలు చేయకూడదు. ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా ఫైలు హైకోర్టుకు వెళ్లాల్సిందే. తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సును తగలబెట్టి 23 మంది ప్రాణాలు తీసిన కేసులో ఇద్దరికి ఉరిశిక్ష సుప్రీంకోర్టులో కూడా ఖరారైంది. చివరికి రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు.

అపోహ: చనిపోయినవారి కుటుంబానికి కోర్టులో పనేమీ లేదు.

వాస్తవం: ఆ తల్లికి వరండాలో నేను ఎక్కువసేపు చెప్పింది ఇదే. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులే తెలియజేయాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికి సాయంగా సొంత లాయరును పెట్టుకోవచ్చు. నిందితుణ్ణి వదిలేస్తే వారసులు తామే అప్పీలు చేసుకోవచ్చు. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో దక్కిన హక్కు ఇది. ఖర్చు గురించి ఆమె అడగకముందే చెప్పాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయరును ఇస్తారు.

ఆమె సంచిలోంచి ఎఫ్ఐఆర్ జిరాక్సు తీసి, వెనక ఖాళీ పేజీ నా ముందు పెట్టింది. "ఇవన్నీ ఇందులో రాసివ్వమ్మా, మా చిన్నవాడు చదివి చెబుతాడు" అంది. రాసిచ్చాను.