ఎక్సోజోమ్ సూదితో నడుస్తారా? వెన్నుపాము దెబ్బల మీద అపోహలు - వాస్తవాలు

కొబ్బరిచెట్టు దింపుకి ఎక్కి పడ్డవాళ్ళు, తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులు, కాలవగట్టు రోడ్డు మీద బండితో సహా పడిన కుర్రాళ్ళు... కోనసీమలో ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికొచ్చే వెన్నుపాము దెబ్బలు ఎక్కువగా ఇవే. ఈమధ్య వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఫోన్లో ఒక వీడియో పెట్టి మరీ అడుగుతున్నారు: "ఎక్సోజోమ్ సూది ఏయిస్తే నరం మళ్ళీ మొలుస్తాదంట గదండీ?"

అపోహ: ఎలుకలు నడిచాయి కాబట్టి మనిషీ నడుస్తాడు.

పరిశోధన నిజమే, దాన్ని తీసిపారేయను. దెబ్బతో వెన్నుపాములో సన్న రక్తనాళాలు తెగుతాయి, రక్తం అందక పక్కన బాగున్న కణాలు కూడా చచ్చిపోయి గాయం పెద్దదవుతుంది. మాక్రోఫేజ్, మైక్రోగ్లియా లాంటి రోగనిరోధక కణాలతో సహా ఒంట్లో చాలా కణాలు వదిలే 30 నుంచి 150 నానోమీటర్ల బుడగలే ఈ ఎక్సోజోములు. ప్రొటీన్లు, మైక్రోఆర్ఎన్ఏలు (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువులు) మోసుకెళ్ళి రక్తనాళాల కణాలకు అందిస్తాయి. వాపు తగ్గించే స్థితిలో ఉన్న (ఎం2 రకం) మాక్రోఫేజ్, మైక్రోగ్లియా కణాల నుంచి తీసినవి ఎలుకల్లో కొత్త నాళాలు పెరగడానికి సాయపడ్డాయి, కదలిక స్కోరూ కొంత మెరుగైంది. అదే కణం వాపు పెంచే ఎం1 స్థితిలో ఉంటే బుడగలో సరుకు వేరు. అంటే సీసా మీద పేరు చూసి లోపల ఏముందో చెప్పలేం.

ఆ ఎలుకలకి దెబ్బ ల్యాబ్‌లో ఒకే కొలతతో తగిలింది, మందు సాధారణంగా వెంటనేనో కొద్ది రోజుల్లోనో ఇచ్చారు. మన దగ్గర ఈ మాట అడిగేవాళ్ళకి దెబ్బ తగిలి ఏడాదో రెండేళ్ళో అయ్యుంటుంది, లోపల మచ్చ కట్టేసి ఉంటుంది. పైగా రక్తనాళం పెరిగితే నరం పెరిగినట్టు కాదు, కాలవ తవ్వినంత మాత్రాన నాట్లు వేయని చేలో వరి పండుతుందా? ఇక సెలైన్‌లా చేతికి ఎక్కిస్తే అందులో ఎక్కువ భాగం కాలేయం, ప్లీహంలోనే ఆగిపోతుంది.

అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అయితే 2019 డిసెంబరులో, అనుమతి లేని ఎక్సోజోమ్ ఉత్పత్తులతో రోగులకు తీవ్ర హాని జరిగిందని హెచ్చరించింది. జపాన్ 2018లో షరతులతో ఒప్పుకున్నది రోగి సొంత మూలకణాల చికిత్సని, ఈ ఎక్సోజోమ్ సూదిని కాదు. ఒక బ్రోషర్లో "నోబెల్ టెక్నాలజీ" అని చూసి ఒళ్ళు మండింది. 2013 నోబెల్ కణం లోపల సరుకు రవాణా ఎలా జరుగుతుందో కనుక్కున్నందుకు, వీళ్ళ సూదికి కాదు.

అపోహ: సూది వేశాక కాలు కదిలింది, అంటే పనిచేసింది.

తోటలు తాకట్టుకెళ్ళేది ఇక్కడే. దెబ్బ తగిలిన కొత్తలో కాళ్ళు మెత్తగా వాలిపోయి ఉంటాయి, అది స్పైనల్ షాక్. కొన్ని వారాలకి అది తగ్గి స్పాస్టిసిటీ, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకోవడం మొదలవుతుంది, దుప్పటి తగిలినా కాలు ఎగిరిపడుతుంది. అది మెదడు చెప్పి చేయించిన కదలిక కాదు. ఇన్‌కంప్లీట్ దెబ్బ (వెన్నుపాము పూర్తిగా దెబ్బతినకుండా కొంత మిగిలినది) అయితే మొదటి 6 నుంచి 9 నెలల్లో ఏ సూదీ లేకుండానే కొంత బలం వస్తుంది. ఈలోగా ఎవరు ఏ సూది పొడిచినా పేరు ఆ సూదికే. రాజోలు వైపు ఒకావిడ వీడియో పంపింది, "సార్, మా ఆయన కాలు లేపుతున్నారు" అని. వెళ్ళి "తమ్ముడూ, బొటనవేలు నువ్వు పైకి లాగు" అన్నాను. రాలేదు. అప్పటికే అప్పు చేశారు, ఆ దూర ప్రయాణాల్లో గంటల తరబడి కూర్చోబెట్టి బెడ్‌సోర్ (ఒత్తిడి పుండు) కూడా తెచ్చుకున్నారు. అది మానేదాకా నెలల తరబడి వ్యాయామం బంద్. ఆవిణ్ణి ఏమంటాం, ఆశ చూపించినవాణ్ణి అనాలి గానీ.

మిగతావి చకచకా. పావురం రక్తం రాస్తే ప్రసరణ పెరగదు, పావురం చస్తుందంతే. ఇసుకమూట కాపడం అసలొద్దు, స్పర్శ లేని కాలు కాలినా తెలీదు, ఆ బొబ్బలు చూశాను. ఎవరైనా "ట్రయల్" (మందు మనుషుల మీద పరీక్ష) అంటే సీటీఆర్ఐ నంబరు, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ ఇచ్చిన నంబరు అడగండి. ట్రయల్ పేరు చెప్పి మందుకి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

పడుకున్న మనిషిని 2 గంటలకోసారి తిప్పండి, 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రంగా క్యాథెటర్ వేసి మూత్రం తీయండి. లంక గ్రామాల వాళ్ళు గోదావరికి వరద రాకముందే క్యాథెటర్లు, జెల్లీ సరిపడా తెచ్చిపెట్టుకోండి, పడవలు ఆగాక ఎవరికి ఫోన్ చేసినా అవి చేరవు.