"మా బోరు సంగతి ఆ సారును చెప్పమను": వాతావరణ మార్పు మీద మా ఊళ్ళలో వినిపించే అపోహలు, వాస్తవాలు

తొమ్మిదేళ్ళుగా నా పని ఒకటే. వ్యవసాయ శాస్త్రవేత్తలనో, భూగర్భ జలాలు తెలిసినవాళ్ళనో, వాతావరణం చదివినవాళ్ళనో నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఊళ్ళకు పిలుచుకొచ్చి రైతులతో, మత్స్యకారులతో కూర్చోబెట్టి మాట్లాడించడం.

మొదటి సభ ఇంకా గుర్తుంది. విడవలూరు మండలంలో ఒక గుడి అరుగు మీద తెర కట్టి, ధ్రువాల దగ్గర కరిగిపోతున్న మంచు బొమ్మలు చూపించాం. అరగంటలో జనం లేచిపోయారు. ఒక పెద్దాయన మాత్రం ఆగి, "అబ్బయ్యా, మంచు సంగతి సరే. మా బోరు ఎందుకు ఉప్పుబడిందో ఆ సారును చెప్పమను" అన్నాడు. తప్పు నాదే. వాళ్ళ ప్రశ్న అడక్కుండా నా జవాబు మోసుకెళ్ళాను. అప్పట్నించి ముందు ఊరి ప్రశ్నలు రాసుకుంటాను, ఆ తర్వాతే వాటికి తగిన మనిషిని వెతుకుతాను. అట్లా తిరిగేటప్పుడు మళ్ళీమళ్ళీ వినపడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బోరు ఇంకాస్త లోతుకు దించితే మంచినీళ్ళు పడతాయి

ఆ పెద్దాయన ప్రశ్నతోనే మొదలుపెడతాను. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇసుక నేలల్లో వానకు ఇంకిన మంచినీళ్ళు కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తులో మంచినీటి మట్టం ఉందంటే, సముద్రమట్టానికి కింద దాదాపు 40 అడుగుల మందాన మంచినీళ్ళు ఉన్నట్టు. ఈ లెక్క తిరగేసి చూడండి. మోటార్లతో తోడి పై మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింద ఉప్పునీళ్ళు కాలక్రమంలో 40 అడుగులు పైకి వస్తాయి. ఇక లోతుకు దించిన బోరు నేరుగా ఉప్పులోకే పోతుంది.

మన పెద్దవాళ్ళు ఇక్కడ బోర్లు కాదు, దొరువులు తవ్వుకున్నారు. ఇసుకలో మనిషి లోతు గుంట, దిగడానికి వాలు, కుండతో ముంచుకుని నారుకూ కూరగాయలకూ పోసుకోవడం. పైపైన తేలే మంచినీళ్ళను మాత్రమే తీసుకునే ఏర్పాటు అది. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. తక్కువ లోతులో అడ్డంగా పైపులు పరిచి, నీళ్ళను ఒక బావిలోకి చేర్చి, చిన్న మోటరుతో మెల్లగా తోడతారు. కొత్తపట్నం వైపు ఒక ఊళ్ళో ఈ సంగతి చెప్తుంటే, ఒకావిడ లేచి, "మా అత్త దొరువును మేమే చెత్త పోసి పూడ్చాం సారూ" అంది. ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సముద్రం పెరగడం కూడా నిజమే. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, వేగం ఇంకా హెచ్చుతోంది. కానీ మా దగ్గరికి వచ్చిన నిపుణులు అన్నది ఒకటే మాట: ఈ ఊళ్ళలో నీళ్ళు ఉప్పుబడడానికి మొదటి కారణం అతిగా తోడడమే. సముద్రాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. మోటరు ఆపడం మాత్రం ఉంది.

అపోహ: వరి కయ్యలో ఎప్పుడూ నీళ్ళు నిలబడాల్సిందే. దానికీ ఎండలకూ ఏం సంబంధం?

నెల్లూరు జిల్లాలో ఇది అడగని ఊరు లేదు. నీళ్ళు నిండిన కయ్యలో కాలు పెడితే బుడబుడమని బుడగలు లేస్తాయి. చిన్నప్పుడు అందరం చూసినవే. వాటిలో మీథేన్ వాయువు ఉంటుంది. నీళ్ళు నిలిస్తే మట్టిలోకి గాలి పోదు. గాలి ఆడని బురదలో గడ్డి, పాత దుబ్బులు కుళ్ళుతుంటే సూక్ష్మజీవులు ఈ వాయువును పుట్టిస్తాయి. బుడగలు కంటికి కనపడతాయి గానీ, దీనిలో చాలావరకు వరి మొక్క లోపలి సన్నటి గొట్టాల గుండానే పైకి పోతుంది. వందేళ్ళ లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు, ఇరవై ఏళ్ళ లెక్కన సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో దీని ఆయుష్షు పన్నెండేళ్ళ దాకానే. అందుకే ఇవాళ తగ్గిస్తే ఫలితం మన కాలంలోనే కనపడుతుంది.

ఈ అంకెలకు ఎవరూ కదల్లేదు. గొట్టం చూపించినప్పుడు కదిలారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, కింది భాగం చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ భాగాన్ని మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయాలి. గొట్టంలో నీళ్ళు నేలమట్టం కంటే ఆరంగుళాలు కిందికి దిగేదాకా మళ్ళీ పెట్టక్కర్లేదు. పైన నేల ఆరినట్టు కనిపించినా వేళ్ళకు తడి అందుతూనే ఉంటుంది. నాటాక మొదటి రెండు వారాలు కలుపు కోసం, పూత సమయంలో గింజ కోసం మాత్రం నీళ్ళు నిలపాలి. ఇట్లా చేస్తే దిగుబడి తగ్గకుండానే నీళ్ళు 30 శాతం వరకు మిగులుతాయి, మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది.

అల్లూరు దగ్గర ఒక రైతు పొద్దున్నే గెనిమ (కయ్య గట్టు) మీద గొంతుక్కూర్చుని, ఈనెపుల్లను గొట్టం అడుగుదాకా దించి, తడి ఎంతవరకు అంటిందో బొటనవేలితో పట్టుకుని చూస్తాడు. మోటరు వెయ్యాలా వద్దా అన్నది ఆ పుల్లే చెప్తుంది. మొదటి ఎడగారు పంటలో పక్క కయ్యల వాళ్ళు నెర్రెలు చూసి కంగారుపడ్డారు. రెండో ఏడు గొట్టం ఎక్కడ దొరుకుతుందని వాళ్ళే అడిగారు.

అయితే గొట్టం చూపించిన సభలోనే ఒక రైతు అడిగిన మాటకు శాస్త్రవేత్త కూడా ఒప్పుకోక తప్పలేదు. "బోరు కింద సరే సారూ, కాలువ కింద వంతు వచ్చినప్పుడు వదులుకుంటే మళ్ళీ నీళ్ళు వస్తాయని ఎవరు పూచీ?" నిజమే. కాలువ కింద ఒక్క రైతు వల్ల కాదు, ఆయకట్టు మొత్తం, నీళ్ళు వదిలే అధికారులు కలిసి అనుకోవాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది: ఆరబెట్టే కయ్యలో యూరియా ఎక్కువ చల్లితే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు పెరుగుతుంది. గొట్టం పెట్టినవాళ్ళు యూరియా కూడా కొలిచి వెయ్యాలి.

అపోహ: తుఫాన్లు మనకు కొత్తా? 89లోనే చూశాం

చూశాం. 1989 నవంబరులో థాయ్‌లాండ్ వైపు నుంచి వచ్చిన తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది. ఆ గాలి చూసినవాళ్ళకు మిగిలినవన్నీ చిన్నవిగానే అనిపిస్తాయి. కానీ గాలి ఒక్కటే లెక్క కాదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, హైవే తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు వచ్చింది తుఫాను కూడా కాదు, చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం. మనల్ని ముంచింది వాన.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగాయి. ఆ వేడి నీళ్ళ మీద నుంచి వచ్చే మేఘం ఎక్కువ నీళ్ళు మోస్తుంది. తుఫాన్ల సంఖ్య పెరిగిపోతుందని నిపుణులు అనడం లేదు, కురిసే వాన, బలమైన వాటి వాటా పెరుగుతాయంటున్నారు. ఆ 2021 వానను వాతావరణ మార్పే కురిపించిందని కూడా నాతో ఏ శాస్త్రవేత్తా అనలేదు. అలా తేల్చి చెప్పేవాళ్ళను నేను సభకు పిలవను.

అపోహ: ఓజోన్‌కు రంధ్రం పడింది కాబట్టే ఈ ఎండలు

కాదు. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత అది మెల్లగా కోలుకుంటోంది. వేడిని ప్రధానంగా పెంచుతున్నది బొగ్గు, పెట్రోలు, డీజిల్ మండించడం వల్ల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. 1958లో హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది.

అపోహ: మొక్కలు నాటితే చాలు

నాటండి. కానీ నాలుగైదేళ్ళకు నరికి కాగితం మిల్లుకు పంపే జామాయిల్, సుబాబుల్ పీల్చుకున్న కార్బన్ ఎక్కువ కాలం నేల మీద నిలవదు. పొగ తగ్గించకుండా మొక్కలతో సరిపెట్టలేం. ఉప్పుటేర్ల వెంట ఉన్న మడ చెట్లను నరక్కుండా కాపాడుకోవడం, ఫొటో కోసం వెయ్యి మొక్కలు నాటడం కంటే మేలు.

అపోహ: పర్యావరణం గురించి మాట్లాడితే గొడవల్లో ఇరుక్కుంటాం

ఈ భయం నాకు అర్థమవుతుంది, అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోను. అయితే మాట్లాడే హక్కు కాగితం మీదే ఉంది. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే చాలా పెద్ద ప్రాజెక్టులకు అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. అక్కడ ఎవరైనా లేచి అడగవచ్చు, ఆ మాటలు రికార్డు కావాలి.

అక్కడ అరుపు నిలవదు, కొలత నిలుస్తుంది. అందుకే ఇప్పుడు నిపుణులు ఊరికి వచ్చినప్పుడు ఉపన్యాసం తగ్గించి కొలవడం నేర్పమని అడుగుతున్నాను. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని ప్రమాణం. దాన్ని చూపించే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తీరంలో ఒక ఊళ్ళో డ్వాక్రా మహిళలు చందా వేసుకుని అది కొన్నారు. ప్రతి నెలా పౌర్ణమి మర్నాడు పొద్దున ఏడు చేతిపంపుల నీళ్ళు పట్టి, సీసాల మీద ప్లాస్టర్ అంటించి, తేదీ, అంకె రాస్తున్నారు. పోయిన నెల నేను వెళ్ళేసరికి అంగన్‌వాడీ కిటికీలో ఇరవై ఎనిమిది సీసాలు వరసగా ఉన్నాయి. నాలుగో పంపు అంకె నెలనెలా ఎక్కుతోంది. వచ్చే ఆదివారం భూగర్భ జలాల శాస్త్రవేత్తను తీసుకెళ్తున్నాను. ఆయన్ను ముందు ఆ కిటికీ దగ్గరికే తీసుకెళ్ళమన్నారు వాళ్ళు.