నాయనమ్మ గుండెని ఎవరూ కోయలేదర్రా

చిన్నీ, బుజ్జీ,

గుండె దడకి ఆపరేషన్ అనగానే నాయనమ్మ ఛాతీ కోసేస్తారనుకుని మీరిద్దరూ బాగా టెన్షన్ పడ్డారని మీ నాన్న చెప్పాడు. ఫోన్లో చెబితే సగమే అర్థమై ఇంకా భయపడతారని ఇలా రాస్తున్నాను. ఛాతీ జోలికే పోలేదు, గజ్జ దగ్గర సూది దూరేంత రంధ్రం పెట్టారు, అంతే.

మన గుండెలో పైనుండే రెండు గదుల్ని కర్ణికలంటారు. కుడి కర్ణిక పైభాగంలో చిన్న కణజాలం ఉంటుంది. అక్కడ పుట్టే కరెంటుతోనే గుండె వరసగా కొట్టుకుంటుంది, ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు. నాయనమ్మకి వచ్చిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో వేరే చోట్ల పుట్టిన కరెంటు చెలరేగి, కర్ణికలు కొట్టుకోవడం మానేసి వణుకుతాయి, నిమిషానికి 300 దాటి. అప్పుడు రక్తం సరిగ్గా కదలక ఎడమ కర్ణిక మూలలో గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి చేరిందంటే పక్షవాతం. దడ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

ఆ దొంగ కరెంటు ఎక్కడ పుడుతోందో 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు చూపించారు. 45 మంది రోగుల్లో వెతికితే అది పుట్టే చోట్లు 69 దొరికాయి, వాటిలో 65 పుపుస సిరల్లోనే! బుజ్జీ, నీ సైన్స్ పుస్తకంలో బొమ్మ తీసి చూడు, ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం తెచ్చి ఎడమ కర్ణికలో పోసే నాళాలవి. గుండె కండరం పోగులు కొన్ని వాటి లోపలికి పాకి ఉంటాయి, గొడవంతా వాటిదే.

అందుకని గజ్జలోని సిర గుండా క్యాథెటర్ అనే సన్నటి గొట్టాన్ని కుడి కర్ణికలోకి పంపి, మధ్యగోడకి సూదితో చిన్న రంధ్రం చేసి (అది చాలామందిలో దానంతటదే పూడుకుపోతుంది) ఎడమవైపుకి వెళ్తారు. ఆ పుపుస సిరలు కర్ణికలో కలిసేచోట, చుట్టూ చుక్క పక్కన చుక్కగా వేడి పెడతారు. అక్కడ మచ్చ కడుతుంది, మచ్చలోంచి కరెంటు పోదు. పక్క చేలో నీళ్ళు మన మడిలోకి రాకుండా గట్టు వేస్తాం చూడండి, అదే పని. కొందరికి వేడి బదులు బెలూన్‌తో చల్లబరిచి చేస్తారు.

నాయనమ్మ గొంతు బొంగురుపోయిందేంటని చిన్ని అడిగిందట. మత్తు ఇచ్చినప్పుడు గొంతులో గొట్టం వేశారమ్మా. అన్నవాహిక ఎడమ కర్ణికకి వెనకే ఆనుకుని ఉంటుంది, దానికి వేడి తగలకూడదని లోపల ఉష్ణోగ్రత చూసే తీగ కూడా పెట్టారు. తొడ మీద నీలంగా కమిలింది, ఇప్పుడిప్పుడే పసుపు రంగుకి తిరుగుతోంది.

మొదటి రెండు మూడు నెలలు మధ్యమధ్యలో దడ రావచ్చట, వస్తే అంతా వృథా అయిందనుకోకండి, మచ్చ గట్టిపడాలి కదా. కొందరికి రెండోసారి చెయ్యాల్సి వస్తుంది కూడా. కానీ దడ తగ్గింది కదాని రక్తం పలచబరిచే మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు. అది ఎన్నాళ్ళు వాడాలో వయసు, బీపీ, షుగరు అన్నీ చూసి డాక్టరే చెప్పాలి. నాయనమ్మేమో "బాగానే ఉన్నానుగా" అంటూ దాన్ని దాటెయ్యాలని చూస్తోంది. రాత్రి భోజనమయ్యాక వేసుకోవాలి, మీరు ఫోన్ చేసేదీ అప్పుడేగా, ముందు ఆ మాత్ర సంగతి అడగండి. నేనడిగితే విసుక్కుంటుంది, మీరడిగితే మాట్లాడకుండా వేసుకుంటుంది.

ప్రేమతో,
తాతయ్య