పనామా రాగి గని: గొడవంతా ఆ శుక్రవారం నాడే మొదలైంది

పనామాలో కోబ్రే పనామా గనిని మళ్లీ తెరుస్తారా లేదా అన్న చర్చ ఇప్పుడు ఊపందుకుంది. ఆడిట్ తర్వాతే నిర్ణయమని అధ్యక్షుడు హోసే రౌల్ ములినో ప్రభుత్వం అంటోంది. కొలోన్ రాష్ట్రంలోని దోనోసో అడవుల్లో ఉన్న ఈ గని పేరెత్తితేనే జనానికి ఎందుకంత కోపమో తెలియాలంటే 2023 అక్టోబర్ 20కి వెళ్లాలి.

గని కంపెనీతో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం, సవరించిన రూపంలో, దేశ పార్లమెంటైన అసెంబ్లీకి తిరిగి వచ్చి వారం కూడా కాలేదు. ఆ శుక్రవారం సభ్యులు దాన్ని ఆమోదించారు. అప్పటి అధ్యక్షుడు లౌరెంతీనో కోర్తీసో అదే రోజు సంతకం పెట్టారు. గెజిట్ కూడా అదే రోజు వచ్చేసింది. దాంతో అది 406వ నంబరు చట్టమైంది. కెనడా కంపెనీ ఫస్ట్ క్వాంటమ్‌కు 20 ఏళ్లు గని నడిపే హక్కు, ఆపైన మరో 20 ఏళ్లు పొడిగించుకునే వీలు దక్కాయి. బదులుగా ఏటా కనీసం 37.5 కోట్ల డాలర్లు ఇస్తామని కంపెనీ ఒప్పుకుంది. డబ్బు తక్కువేమీ కాదు. కానీ జనం అడిగింది డబ్బు లెక్క కాదు, మమ్మల్ని అడిగారా అని.

ఆ ప్రశ్న వెనక పాత గాయం ఉంది. 1997 నాటి మొదటి ఒప్పంద చట్టం గనిని టెండరు పిలవకుండా అప్పగించిందని, రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. ఆ తీర్పు గెజిట్‌లో అచ్చవడానికి 2021 డిసెంబర్ దాకా పట్టింది. ఈలోగా 2019లో గని వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టేసింది. కోర్టు తీర్పు గెజిట్‌లోకి రావడానికి నాలుగేళ్లు, కంపెనీ ఒప్పందం చట్టమై గెజిట్‌లోకి రావడానికి ఒక్కరోజు. ఈ తేడాను జనం మర్చిపోలేదు.

అందుకే టీచర్లు, భవన నిర్మాణ కార్మికులు, విద్యార్థులు, ఆదివాసీలు ఒక్కసారిగా రోడ్డెక్కారు. పాన్ అమెరికన్ హైవే మీద రాస్తారోకోలు వారాల తరబడి సాగాయి. చిరికీ రాష్ట్రంలో పండే కూరగాయలు రాజధానికి చేరలేదు, వంటగ్యాసుకు కటకట వచ్చింది. నవంబర్ 7న రోడ్డు దిగ్బంధంలో ఉన్న ఇద్దరిని ఒక వ్యక్తి కాల్చి చంపాడు. అసలు దెబ్బ మాత్రం సముద్రం మీద తగిలింది. మత్స్యకారులు చిన్న చిన్న పడవలతో గనికి సరుకు దిగే పుంతా రింకోన్ రేవును అడ్డుకున్నారు. గని విద్యుత్ కేంద్రానికి బొగ్గు అందక, కొత్త చట్టంపై సుప్రీంకోర్టు తీర్పు రాకముందే ఉత్పత్తి ఆగిపోయింది. ఆ ఏడాది కరువుతో పనామా కాలువకు నీరిచ్చే గాటూన్ సరస్సు మట్టం పడిపోయి, కాలువలో ఓడల సంఖ్య తగ్గించారు. నీళ్ల కోసం అల్లాడుతున్న దేశం అడవిలో తవ్వకాల్ని సహించే స్థితిలో లేదు.

ప్రభుత్వం డిసెంబర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెడతామంది, అది జరగలేదు. కొత్త లోహపు గనులపై నిషేధం తెచ్చింది, జనం శాంతించలేదు. నవంబర్ 28న, స్పెయిన్ నుంచి విముక్తి పొందిన రోజునే, సుప్రీంకోర్టు 406వ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది.

కంపెనీ వాదన కూడా ఉంది: వేల ఉద్యోగాలు పోయాయి, దేశ జీడీపీలో దాదాపు 5 శాతం ఈ గని నుంచే వచ్చేది. 2024లో రేటింగ్ సంస్థ ఫిచ్ దేశ రుణ రేటింగ్ కూడా తగ్గించింది. ఉద్యోగం పోయిన కుటుంబాల బాధ నిజమే.

2025 మార్చిలో కంపెనీ పనామాపై వేసిన అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేసుల్ని వెనక్కి తీసుకునే దారి పట్టింది. గని ఆవరణలో పడి ఉన్న లక్షా ఇరవై వేల టన్నుల రాగి కాన్సన్‌ట్రేట్‌ను (రాగి తీయడానికి సిద్ధం చేసిన ఖనిజపు పొడిని) ఎగుమతి చేయడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. ఇది పర్యావరణ భద్రత కోసమేనంటోంది, ఉద్యమకారులు మాత్రం తెరవడానికి తొలి అడుగంటున్నారు. ఈసారి ఒప్పందం చట్టంగా అసెంబ్లీకి రాదని కూడా ములినో చెప్పారు. మరి దోనోసో వాళ్లు తమ మాట ఎక్కడ చెప్పుకోవాలి?