మామోగ్రామ్‌కి వెళ్లే ముందు తెలియాల్సిన లెక్కలు

"మామోగ్రామ్ స్క్రీనింగ్‌తో రొమ్ము క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయి." మామోగ్రామ్ అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే, స్క్రీనింగ్ అంటే లక్షణాలేవీ లేకపోయినా ముందుగానే చేసే పరీక్ష. ఈ మాట అబద్ధం కాదు. కానీ దేంట్లో 20 శాతమో చెప్పకపోతే, 100 మంది వెళ్తే 20 మంది ప్రాణాలు దక్కుతాయనే ఎవరైనా అనుకుంటారు.

అదే సంగతిని మనుషుల లెక్కలో చూద్దాం. 50 దాటిన 1,000 మంది ఆడవాళ్లు పదేళ్లకు పైగా స్క్రీనింగ్‌కి వెళ్లకపోతే, వాళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయేది సుమారు 5గురు. క్రమం తప్పకుండా వెళ్తే సుమారు 4గురు. ఐదు నాలుగు కావడమే ఆ 20 శాతం. అదే 1,000 మందిలో సుమారు 100 మందికి మాత్రం లేని క్యాన్సర్ ఉందేమోనన్న అనుమానంతో మళ్లీ పరీక్షలు, బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) లాంటివి తప్పవు. మరో 5గురికి అవసరం లేని ఆపరేషన్ జరుగుతుంది. జర్మనీలోని హార్డింగ్ సెంటర్ ఫర్ రిస్క్ లిటరసీ ఇచ్చిన పట్టికలోని అంకెలివి.

అవసరం లేని ఆపరేషన్ ఏమిటి, క్యాన్సర్ ఉంటే తీయాల్సిందే కదా అనిపించడం సహజం. ఈ విషయంలో అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే. క్యాన్సర్లన్నీ ఒకేలా పెరగవు. కొన్ని ఎంత నెమ్మదిగా ఉంటాయంటే, ఆ మనిషి బతికున్నంత కాలం ఒక్క లక్షణమైనా కనిపించదు. పాల నాళాల లోపలే ఆగిపోయి, బయటికి పాకని తొలి దశ కణాలు కూడా మామోగ్రామ్‌లో బయటపడతాయి. వాటిలో ఏది ముదురుతుందో, ఏది అలాగే ఉండిపోతుందో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. అందుకే కనిపించిన వాటిలో చాలావాటికి వైద్యం చేస్తారు. ఏ హానీ చేయని క్యాన్సర్‌కి కూడా కొందరు ఆపరేషన్, రేడియేషన్ భరిస్తారు. ఆ కొందరిలో తానూ ఉన్నానా అన్నది ఎవరికీ ఎప్పటికీ తెలియదు. తన ప్రాణం దక్కిందనే ప్రతి ఒక్కరూ నమ్ముతారు.

ఇలాంటివి ఎన్ని అన్నదానిపై నిపుణుల మధ్య గట్టి వాదనే ఉంది. బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన ఏర్పడిన స్వతంత్ర కమిటీ 2012లో ఒక అంచనా ఇచ్చింది. 50 ఏళ్ల వయసున్న 10,000 మందిని 20 ఏళ్ల పాటు స్క్రీనింగ్‌కి పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి, 129 మందికి అక్కర్లేని నిర్ధారణ జరుగుతుంది. ఆ కమిటీ స్క్రీనింగ్ కొనసాగించమనే చెప్పింది, కానీ ఈ రెండు అంకెలూ ఆడవాళ్లకి స్పష్టంగా చెప్పాలని కూడా అంది.

చెప్పాల్సిన డాక్టర్లే ఒక్కోసారి తడబడతారు. గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 160 మంది గైనకాలజిస్టులను ఒక ప్రశ్న అడిగారు: స్క్రీనింగ్‌లో మామోగ్రామ్ పాజిటివ్ వస్తే నిజంగా క్యాన్సర్ ఉండే అవకాశం ఎంత? సరైన జవాబు పదిమందిలో ఒకరికి. సుమారు 5వ వంతు మందే సరిగ్గా చెప్పారు. ఎక్కువమంది 80, 90 శాతం అన్నారు. రిపోర్టు చేతిలో పట్టుకుని రాత్రంతా నిద్రపోని మనిషికి, మళ్లీ పరీక్షకి పిలిచిన పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదన్న ఒక్క మాట ఎంత ధైర్యం ఇస్తుందో!

"ముందే కనిపెడితే ఐదేళ్లు బతికేవాళ్లు ఎక్కువ" అన్న ప్రచారాన్నీ జాగ్రత్తగా చూడాలి. 64వ ఏట గడ్డ బయటపడి 67కి చనిపోయిన మనిషి మూడేళ్లే బతికినట్టు లెక్క. అదే క్యాన్సర్ 61లో కనబడి, 67కే చనిపోతే ఆరేళ్లు బతికినట్టు లెక్క. ఆయుష్షు ఒక్క రోజు కూడా పెరగలేదు. అందుకే అడగాల్సింది మరణాల లెక్క.

ఈ అంకెలన్నీ మామూలు ముప్పు ఉన్నవాళ్లవి. రొమ్ము క్యాన్సర్ ముప్పుని బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యువుల్లో మార్పులున్నవాళ్లకి, చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి లెక్క వేరు. అమ్మకో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి తీరాలి. వయసు విషయంలో దేశాలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా నిపుణుల బృందం 2024 నుంచి 40 ఏళ్లకే మొదలుపెట్టి రెండేళ్లకోసారి చేయించుకోమంటోంది. బ్రిటన్ 50 నుంచి, మూడేళ్లకోసారి పిలుస్తోంది. లెక్కలు విన్నాక ఒకరు వెళ్తానన్నా, ఇంకొకరు వద్దనుకున్నా ఇద్దరిదీ తెలివైన నిర్ణయమే అవుతుంది. వద్దన్న మనిషిని భయపెట్టడం, నిర్లక్ష్యం అని తిట్టడం అన్యాయం.

స్క్రీనింగ్ అంటే ఏ లక్షణమూ లేనివాళ్లకి చేసే పరీక్ష. చేతికి గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, దాని నుంచి రక్తం వచ్చినా ఇక అది స్క్రీనింగ్ వ్యవహారం కాదు. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లలో మామోగ్రామ్ కొన్ని క్యాన్సర్లను పట్టుకోలేకపోవచ్చు. రెండు స్క్రీనింగ్‌ల మధ్య కొత్తగా పెరిగేవీ ఉంటాయి. పోయిన నెల రిపోర్టు నార్మల్ అని వచ్చినా సరే, ఇలాంటి మార్పు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.